సున్నా ఉండే చోటు

ఆకివీడు నుంచి కొల్లేటి వైపు పోయే రోడ్డు కొంతదూరం తారు, కొంతదూరం కంకర, ఆ తర్వాత ఒట్టి మట్టికట్ట. ఆ కట్ట నీళ్ళలోకి దిగిపోయే ముందు వచ్చే ఆఖరి ఊళ్ళో ఉంది మఠం బడి. కన్యాస్త్రీల మఠం పక్కనే ఉంది కాబట్టి చుట్టుపక్కల లంకల వాళ్ళందరికీ అది మఠం బడే. రెండంతస్తుల మేడ, ముందు ఇసక పోసిన ఆవరణ, ఆవరణ మధ్య జెండా కర్ర. పడమటి ప్రహరీ దాటితే ఇక మనిషి కట్టిందేమీ కనపడదు. కిక్కిస గడ్డి, నీళ్ళు, ఆ నీళ్ళలో మబ్బులు.

జమీలా అక్కడికి లెక్కల టీచరుగా వచ్చింది రెండువేల ఆరో సంవత్సరం జూన్ నెలలో. కొల్లేట్లో చేపల చెరువుల గట్లను సర్కారువారు కొట్టించేసిన ఏడు అది. గట్లు పోయాక నీరు తన పాత జాగాలన్నీ వెతుక్కుంటోందని ఊళ్ళో చెప్పుకునేవారు. ఆమెది తాడేపల్లిగూడెం. భర్త షంషుద్దీన్‌కి అక్కడ కుట్టుమిషన్లు బాగుచేసే కొట్టుంది. ఆయన కొట్టు వదిలి రాలేదు. కూతురు మెహర్ పదో తరగతిలోకి రావడంతో తల్లితో వచ్చి అదే బడిలో చేరింది. మఠం వాళ్ళు ఒక గది ఇచ్చారు. శనివారం సాయంత్రం తల్లీకూతుళ్ళు బస్సెక్కి గూడెం పోయి, సోమవారం పొద్దున ప్రార్థన గంటకి వచ్చేసేవారు.

చేరిన రోజునే హెడ్మిస్ట్రెస్ సిస్టర్ స్కొలాస్తిక పదో తరగతి లెక్కల పుస్తకం తెరిచి ఒక పాఠం మీద వేలు పెట్టింది. వైశ్లేషిక రేఖాగణితం.

“ఇది మాత్రం చెప్పకండి టీచరుగారూ. ఛాయిస్‌లో వదిలేయండి.”

“అదేంటండీ సిస్టర్, సులువుగా మార్కులొచ్చేది ఇదేనండి. రెండు గీతలు, నాలుగు చుక్కలు.”

“మా పిల్లలకి పడదండీ.”

ఒంటికి వంకాయ పడదన్నంత మామూలుగా అందావిడ.

పాఠాలు ఛాయిస్‌లో వదిలేయడం ఏ బడికీ కొత్త కాదు. ఒకరు సిద్ధాంతాలు వదిలేస్తారు, ఒకరు శ్రేఢులు వదిలేస్తారు. పరీక్షలో ఎలాగూ ఇన్ని రాస్తే చాలంటారు కాబట్టి కొరుకుడు పడనిదాన్ని ముందే పక్కన పెడతారు. కానీ అందరూ ఎగబడే పాఠాన్ని వదిలేసిన బడిని జమీలా చూడలేదు. చొక్కా అంతా కుట్టి ఒక చెయ్యి కుట్టకుండా ఇచ్చే దర్జీ ఎక్కడైనా ఉంటాడా. నవంబరులో, తతిమ్మా పాఠాలు ఒక దారికొచ్చాక, హెడ్మిస్ట్రెస్‌కి చెప్పకుండానే ఆ పాఠం మొదలుపెట్టింది.

మొదటి రోజు పిల్లల్ని ఆవరణలోకి తీసుకొచ్చింది. ముగ్గుపిండితో జెండా కర్ర మీదుగా తూర్పు పడమరలకి ఒక గీత, ఉత్తర దక్షిణాలకి ఒక గీత వేయించింది.

“ఈ రెండు గీతలూ కలిసిన చోటు మూలబిందువు. సున్నా కామా సున్నా. ఒక ఫర్లాంగుని ఒకటి అనుకుందాం. ఇక్కణ్ణించి ఎవరిల్లు ఎక్కడుందో చెప్పండి చూద్దాం.”

బుల్లిరాజు అనే కుర్రాడు చెయ్యెత్తాడు. “మా ఇల్లు ఎండాకాలం ఒకచోట, వానాకాలం ఒకచోట ఉంటదండీ. ఏది చెప్పమంటారు?”

“వానాకాలం ఇల్లు నీకెందుకురా, పడవలోనే పుట్టేవు కదా,” అన్నారు వెనక నుంచి. అందరూ నవ్వారు.

సింధూర నవ్వలేదు. జెండా కర్ర వంక, ముగ్గు గీతల వంక చూసి మెల్లగా అడిగింది. “ఇక్కణ్ణించాండీ?”

“ఇక్కణ్ణించే. ఏం?”

“ఏం లేదండీ. మీరెలా అంటే అలాగేనండి.”

కొత్త ఇంట్లో ముద్ద మింగుతున్నట్టు అంది ఆ పిల్ల.

పాఠం బాగా నడిచింది. రెండు బిందువుల మధ్య దూరం, వాలు, మధ్యబిందువు, త్రిభుజానికి గురుత్వ కేంద్రం. పిల్లలు చురుగ్గా చేస్తున్నారు. లంకల పిల్లలకి దూరాలు చూపులోనే ఉంటాయి. ఇంత చక్కటి పాఠాన్ని ఇన్నేళ్ళు ఎండబెట్టారే అనుకుంది జమీలా. స్లిప్ టెస్ట్ పెట్టింది.

కాయితాలు దిద్దడానికి కూర్చుంటే మొదటి కాయితంలోనే మధ్యబిందువు లెక్క తప్పు. సూత్రం సరిగా ఉంది. కూడిక సరిగా ఉంది. రెండుతో భాగించడం సరిగా ఉంది. జవాబు రాసిన ఆఖరి వరస మాత్రం వేరే ఊరి నుంచి వచ్చినట్టుంది. రెండో కాయితం అంతే. మూడోది అంతే. అదే తప్పు, అవే అంకెలు. చూసి రాసుకున్నారనుకుంది. మర్నాడు ఒక్కొక్కరినీ ఒక్కో బల్ల మీద కూర్చోబెట్టి, ఒక్కొక్కరికి ఒక్కో లెక్క ఇచ్చింది. జవాబులు వేరయ్యాయి. తప్పు మాత్రం ఒకటే అయింది. ఎవరి జవాబు చూసినా మొదటి అంకె ఉండాల్సినదానికన్నా ఐదు ఎక్కువ. రెండో అంకె మూడు తక్కువ. దూరాల లెక్కలు, వాలు లెక్కలు మాత్రం ఒక్కటీ తప్పలేదు. బిందువు ఎక్కడుందో చెప్పమన్న లెక్కలే తప్పాయి.

లెక్క తప్పడం వేరు. తప్పు కూడా లెక్క ప్రకారం ఉండడం వేరు. జమీలా ఎర్రపెన్ను మూత పెట్టింది. దూరం మారకుండా చోటు ఒక్కటే మారిందంటే దానికి అర్థం ఒకటే. పిల్లలు కొలవడం బాగానే కొలుస్తున్నారు. కొలిచేది వేరే చోటి నుంచి.

తరగతిలోకి వెళ్ళి ఎవరినీ తిట్టలేదు. “అందరూ కళ్ళు మూసుకోండి. సున్నా ఎక్కడుందో వేలు పెట్టి చూపించండి,” అంది.

వేళ్ళు లేచాయి. జెండా కర్ర తరగతికి తూర్పున ఉంది. ఒక్క వేలూ అటు పోలేదు. అన్నీ పడమటి గోడకేసి లేచాయి. ఆ గోడకి కిటికీ లేదు. కుడివైపు బల్లల వాళ్ళ వేళ్ళు కొంచెం ఎడమకి, ఎడమవైపు వాళ్ళవి కొంచెం కుడికి ఒరిగి ఉన్నాయి. అన్నీ పోయి పోయి దూరంగా ఒక్క చోటే కలుస్తాయని లెక్కల టీచరుకి వేరే చెప్పక్కర్లేదు. పిల్లల మొహాల్లో వింతేమీ లేదు. మంచినీళ్ళ బావి ఎక్కడంటే చూపించినట్టే చూపించారు.

మూడో బల్ల మీద మెహర్ ఒక్కతే చెయ్యెత్తకుండా, కళ్ళు తెరిచి తల్లి వంక బెదురుగా చూసింది. జమీలాకి అప్పుడు ఊపిరాడింది.

ఆ సాయంత్రమే వెళ్ళి హెడ్మిస్ట్రెస్‌తో జరిగింది చెప్పింది. సిస్టర్ స్కొలాస్తిక కోప్పడలేదు. “పడదన్నాను కదండీ,” అంది. “ఇక ఆపేయండి.”

ఆపేసింది. కానీ చెరువుకి గండి కొట్టాక పలుగు పక్కన పెడితే నీరు ఆగుతుందా. బహుపదుల పాఠంలో గ్రాఫు గీయమంటే పిల్లలు తెల్లకాయితం ఇచ్చారు. ఏకఘాత ప్రణాళికలోనూ అంతే. అడిగితే సింధూర మర్యాదగా చెప్పింది. “ఈ కాయితంలోకి రావట్లేదండీ. సున్నా బయటెక్కడో పడతంది.” ఇప్పుడు పోయేది ఒక్క పాఠం మార్కులు కావు. మార్చిలో పబ్లిక్ పరీక్షలు. తరగతి మొత్తం లెక్కల్లో పోయేలా ఉంది.

డిసెంబరులో ఒక మధ్యాహ్నం జమీలా గదిలో టీ కాస్తోంది. మెహర్ గుమ్మంలో కూర్చుని లెక్కలు చేసుకుంటోంది. తల్లి గ్లాసు అందిస్తూ ఆ కాయితం మీదకి వంగింది. ఆఖరి వరసలో ఐదు ఎక్కువ, మూడు తక్కువ.

“మెహర్, ఇది తప్పమ్మా.”

“తప్పెందుకవుద్ది అమ్మీ. సున్నా అక్కడుంటే జవాబు ఇదేగా,” అని తలెత్తకుండానే ఎడంచేత్తో పడమటికి చూపించింది మెహర్. కుడిచేత్తో రాసుకుంటూనే ఉంది.

జమీలా ఆ టీ తాగలేదు. శనివారం దాకా ఆగకుండా సెలవు పెట్టి పిల్లని గూడెం తీసుకుపోయింది. ఆ నీటి గాలి తగలకపోతే తగ్గిపోతుందనుకుంది. కొట్లో తండ్రి పక్కన స్టూలు మీద కూర్చోబెట్టి, విప్పిన మిషన్ల మధ్య, నెమ్మదిగా అడిగింది.

“సున్నా ఎక్కడుందమ్మా?”

మెహర్ ఇక్కడ పడమటికి చూపించలేదు. నైరుతికి చూపించింది. గూడేనికి కొల్లేరు నైరుతినే ఉంది.

సంగతి తెలియని షంషుద్దీన్ నవ్వాడు. “నమాజుకైతే కిబ్లా అటు కాదు తల్లీ. ఇంకాస్త కుడికి.”

మెహర్ కూడా నవ్వింది. చెయ్యి మాత్రం దించలేదు.

తిరిగొచ్చాక జమీలా ఉపదేశి జ్ఞానయ్యని వెతుక్కుంటూ పోయింది. గుళ్ళో ప్రార్థనలు చెప్పించే ముసలాయన ఆయన, మఠం బడిలోనే చదువుకున్నాడు. చావిడి అరుగు మీద వల కుడుతున్నాడు. ఆమె అంతా చెప్పేదాకా తల ఊపుతూ విని, సూది వలలో గుచ్చి ఆపాడు.

“ఐదు ఫర్లాంగులు పడమటికి, మూడు ఉత్తరానికీ అన్నారు కదండీ. పాత బడి అక్కడేనండి ఉండేది. లంక మీద.”

“అక్కడిప్పుడు నీళ్ళేగా బాబాయిగారూ.”

“ఆయ్. చేపల చెరువులు తవ్వినప్పుడు ఆ లంక మట్టంతా గట్లకి ఎత్తుకుపోయారండీ. అంతకుముందే బడి ఇక్కడికి మార్చారు. బల్లలు తెచ్చారు, గంట తెచ్చారు, పోయిన సిస్టర్ల సమాధులు కూడా తవ్వి తెచ్చారు. సున్నా ఒక్కటీ తేలేదండీ.”

ఉర్సులా మదరని పరదేశపు కన్యాస్త్రీ ఒకావిడ ఆ రోజుల్లో లెక్కలు చెప్పేదట. బడి మారాక కూడా, ఆవిడ బతికున్నన్నాళ్ళూ, ఏటా ఆ పాఠం మొదలెట్టే రోజున పదో తరగతిని పడవెక్కించి పాత చోటికి తీసుకెళ్ళేది. గౌను తడుస్తున్నా లెక్కచేయక దిగి, పాత బడి మెట్టు మీద నిలబడేది. పిల్లలు ఒక్కొక్కరే ఆవిడ నుంచి పడవకి ఎంత దూరమో చెప్పేవారు. అందరూ చెప్పాక పడవెక్కి, బడికి వచ్చి, జెండా కర్ర దగ్గర ఆగి ఏదో ఒక మాట అనేది. ఆ ఏడాదికి ఇక సున్నా అక్కడ ఉండేది. ఆవిడ పోయాక, చెరువుల వాళ్ళు గట్ల మీదకి మనుషుల్ని రానివ్వక, ఆ పాఠాన్నే ఛాయిస్‌లో వదిలేశారు.

“ఏ మాటండీ అది?”

“అది వాళ్ళ దేశం మాటండీ. నోట్లో నోట్లో అనుకునేవోరు. మాకు వినపడేది కాదు.”

“ఆ మాట తెలియకుండా తెస్తే?”

జ్ఞానయ్య మళ్ళీ సూది తీశాడు. “తేవడం తెలుసు గానీ అమ్మా, దింపడం నాకు తెలీదండీ.”

జనవరిలో ఒక పొద్దున పడవ కట్టారు. సిస్టర్ స్కొలాస్తిక రేవు దాకా వచ్చి, జపమాల పట్టుకుని ఒడ్డునే ఆగింది. “నేను పొమ్మననండీ, వద్దననండీ,” అంది. జ్ఞానయ్య గెడ వేశాడు. జమీలా మనసులో ఒకటే అనుకుంది. చూసి వద్దాం. పిల్లలు ఆ చోటు కళ్ళారా చూస్తే, అది ఒట్టి నీళ్ళేనని తెలిస్తే, పోతుందేమో. దిగే పని పెట్టుకోకూడదనుకుంది.

విరిగిన గట్ల మధ్య నుంచి పడవ పోయింది. తామరాకులు పక్కకి తొలిగి మళ్ళీ మూసుకున్నాయి. పక్షులు అరుస్తున్నాయి. కాసేపటికి అరుపులు ఆగిపోయాయి. పక్షులు అక్కడే ఉన్నాయి, గట్టు ముక్కల మీద వరసగా, నోళ్ళు మూసుకుని. జ్ఞానయ్య గెడ ఆపక ముందే పిల్లలు మాటలు ఆపేశారు. గెడ దింపితే అడుగున రాయి తగిలింది.

“ఇదేనండి,” అన్నాడాయన.

జమీలా ఒక్కొక్కరినీ ఇల్లు అడిగింది. బుల్లిరాజు చెప్పాడు, సింధూర చెప్పింది, అందరూ చెప్పారు. ఆమె మనసులో కొలుచుకుంది. ఆ చోటి నుంచి చూస్తే ఒక్క ఇల్లూ తప్పలేదు. నవంబరు నుంచి ఈ పిల్లలు ఒక్క తప్పు లెక్క చెయ్యలేదు. ఎర్రపెన్నుతో కొట్టేసినవన్నీ సరైనవే.

ఆఖరున కూతురి వైపు తిరిగింది. “మనిల్లు ఎక్కడమ్మా, మెహర్?”

గూడెంలో ఇల్లు ఈశాన్యాన ఉంది. మెహర్ అటు చూడలేదు. పడవ అంచు మీద గడ్డం ఆన్చి నీళ్ళలోకి చూస్తోంది.

“ఇక్కడేగా అమ్మీ. సున్నా కామా సున్నా.”

జమీలా చెప్పులు విప్పింది. జ్ఞానయ్య గెడ గట్టిగా ఆనించి పడవని కదలకుండా పట్టాడు. ఆమె చీర కుచ్చిళ్ళు పట్టుకుని పడవ దిగింది. నీళ్ళు నడుం దాకా వచ్చాయి. కాళ్ళ కింద మెత్తటి ఒండ్రు, దాని కింద చదునైన మెట్టు. మెట్టు మధ్యలో, ఎన్నో పాదాలు అరగదీసిన పల్లం. ఆమె రెండు పాదాలూ ఆ పల్లంలో సరిగ్గా సరిపోయాయి.

“నేనిక్కడున్నాను. నా నుంచి పడవ ఎంత దూరమో చెప్పండి.”

“రెండు మూరలండీ,” అన్నాడు బుల్లిరాజు. ఒక్కొక్కరే ఆమెను చూసి చెప్పారు. చెప్పినవాళ్ళు చెప్పినట్టే, చాలాకాలం మోసిన కావిడి దించినట్టు భుజాలు వదులు చేసుకున్నారు. మెహర్ మిగిలింది. చాలాసేపు నీళ్ళనే చూసింది. తర్వాత తల్లి మొహం చూసింది.

“దగ్గిరే అమ్మీ. చెయ్యి చాస్తే అందేంత.”

జమీలా చెయ్యి చాచింది. అందింది. పడవెక్కింది. ఒక్క మనిషికి దిగాల్సినదానికన్నా పడవ ఇంకాస్త లోతుకి దిగింది. జ్ఞానయ్య నీళ్ళు తాకుతున్న అంచు చూశాడు, ఆమె చూసిందని చూశాడు, గెడ వేశాడు.

జెండా కర్ర దగ్గర నిలబడి “ఇక్కడుండు” అంది జమీలా. దుఆ చదివింది. సిస్టర్ స్కొలాస్తిక తనకొచ్చిన లాటిన్ ప్రార్థనలన్నీ చదివింది. ఏ మాటకీ సున్నా దిగలేదు.

తరగతిలో ఆ మర్నాడే తెలిసిపోయింది. జమీలా బోర్డు దగ్గర కదలకుండా నిలబడితే పిల్లల జవాబులన్నీ పుస్తకంలో ఉన్నట్టే వస్తున్నాయి. నడుస్తూ చెబితే అంకెలు జరుగుతున్నాయి. స్టాఫ్ రూముకి పోతే పెన్నులు ఆగిపోతున్నాయి. మెహర్ రాత్రిళ్ళు హాయిగా నిద్రపోతోంది. ఇల్లెక్కడంటే గూడెం అంటోంది, నాన్న కొట్టు పక్క సందు అంటోంది. అది చాలనుకుంది జమీలా. ఫిబ్రవరి అంతా గోడకి కొట్టిన మేకులా నిలబడి పాఠం చెప్పింది.

పబ్లిక్ పరీక్షలకి సెంటరు ఆకివీడులో పడింది. లోపలికి రాసే పిల్లల్ని, ఆ సెంటరు బడి టీచర్లని తప్ప ఎవరినీ రానివ్వరు. లెక్కలు మొదటి పేపరు రోజు మబ్బు పట్టి చల్లగా గడిచిపోయింది. రెండో పేపరు రోజు ఎండ కాసింది. పిల్లలు రాస్తున్న గదికి వెనక ప్రహరీ, ప్రహరీకి ఆనుకుని సందు, సందులో చేపల లారీలు మంచు నింపుకునే చోటు. జమీలా పిల్లలు కూర్చున్న వైపు గోడకి ఎదురుగా నిలబడింది. గంట కొట్టారు.

కిళ్ళీకొట్టు ముసలమ్మ స్టూలు పట్టుకొచ్చింది. “కూర్చోండమ్మా. పిల్లలు లోపలుంటే మీరిక్కడ ఎండితే వాళ్ళకేమొస్తది.”

“వద్దండీ, పర్లేదు.” పిల్లలు రాసేటప్పుడు కూర్చుంటే ఏమవుతుందో ఆమె ఎన్నడూ చూసుకోలేదు. పరీక్ష రోజు చూసుకునే పని కాదు.

సగం పరీక్ష అయ్యేసరికి లారీ వచ్చింది. క్లీనరు దిగి వచ్చాడు.

“ఏవండీ, కాస్త పక్కకి జరగండి. బండి ఎనక్కి రావాలి.”

“జరగలేనండి.”

“కాలు పట్టేసిందా అండీ? చెయ్యి పట్టుకోమంటారా?”

“పరీక్ష అయ్యేదాకా కదలనండి. మీ బండిని ఇంకో పక్క నుంచి రమ్మనండి.”

“ఇంకో పక్క గోడ కదండీ.”

డ్రైవరు హారన్ కొట్టాడు. తల బయట పెట్టి, “ఓయమ్మా, మంచు కరిగిపోతంది. మీ అమ్మాయి ఫస్టు రావాలని మా చేపలు కుళ్ళిపోవాలా,” అన్నాడు. చుట్టూ నలుగురు మూగారు. ఎవరో నవ్వారు. బండి కొంచెం కొంచెంగా వెనక్కి వచ్చింది. వెనక చక్రం జమీలా కుచ్చిళ్ళకి జానెడు దూరంలో ఆగింది. చేపనీళ్ళు ఆమె పాదాల మీదుగా పోయాయి. ఆమె గోడ మీదే చూపు నిలిపింది. గోడకి అవతల ఎవరో దగ్గారు. పెన్నుల చప్పుడు వినపడదు, అయినా ఆమెకి వినపడుతూనే ఉంది. క్లీనరు ఆమె మొహం ఒకసారి పరకాయించి చూసి, డ్రైవరు దగ్గరకు పోయాడు. లారీ వాళ్ళు బీడీలు వెలిగించి, నీడకి పోయి కూర్చున్నారు.

ఆఖరి గంట కొట్టారు.

పిల్లలు బయటకి వచ్చారు. కొందరు గేటు దగ్గర, కొందరు కిళ్ళీకొట్టు దగ్గర, కొందరు సైకిళ్ళ దగ్గర గుంపులు కట్టి జవాబులు సరిచూసుకుంటున్నారు. అందరివీ కలిశాయి. మెహర్ పరుగెత్తుకొచ్చింది. మొహం కడిగినట్టుంది.

“అన్నీ రాసేశాను అమ్మీ. మధ్యబిందువు లెక్క కూడా. ఇంటికి పద.”

జమీలా కళ్ళు తుడుచుకుంది. కాళ్ళు మొద్దుబారిపోయాయి. కూతురి భుజం పట్టుకుని, కుడికాలు ఎత్తి, ఒక అడుగు పక్కకి వేసింది.

ఇన్నాళ్ళూ ఆమె కదిలితే అంకెలే జరిగేవి. ఈసారి, పడవలో ఒకరు లేస్తే తక్కినవాళ్ళు తూలినట్టు, గేటు దగ్గరి వాళ్ళు, కొట్టు దగ్గరి వాళ్ళు, సైకిలెక్కినవాళ్ళు, మఠం బడి పిల్లలంతా ఒక్కసారి తూలారు. చేతికందినదాన్ని పట్టుకుని నిలదొక్కుకున్నారు. తర్వాత తలలన్నీ ఆమె వైపు తిరిగాయి. జమీలా చేతి కింద మెహర్ భుజం కూడా ఒరిగి, మళ్ళీ నిలబడింది.

బుల్లిరాజు సైకిలు హ్యాండిల్ గట్టిగా పట్టుకుని, ఎంతో మర్యాదగా అన్నాడు.

“కాస్త నెమ్మదిగా నడవండి టీచరుగారూ.”